స్పీడుబోటు ముక్కు పైకి లేస్తే వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే.

వేగం అందుకున్న బోటు నీటిని చీల్చుకుంటూ కాక, నీటి మీద జారుతూ పోతుంది. అప్పుడు దాన్ని వెనక్కి లాగేవాటిలో ముఖ్యమైనది తడిసిన అడుగుభాగానికీ నీటికీ మధ్య రాపిడి. తడిసిన మేర మారకుండా వేగం రెట్టింపైతే ఈ రాపిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే ముక్కు కాస్త లేచి అడుగుభాగంలో కొంత మేర నీటికి తగలకుండా పోయినా తేడా తెలుస్తుంది. సాధారణంగా అడుగుభాగం నీటితో 3 నుంచి 5 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు నిరోధం తక్కువ. అది దాటితే బోటు నీటిని ముందుకు తోస్తూ శక్తిని వృథా చేస్తుంది.

ఉదాహరణకు, పూర్తి థ్రాటిల్‌లో ఇంజను ట్రిమ్‌ను, అంటే బోటు వెనుక ఇంజను వంపు కోణాన్ని, ముక్కు లేచేలా కొద్దికొద్దిగా బయటికి తీస్తున్నారనుకోండి. మొదట ఇంజను తిరిగే చుట్లూ బోటు వేగమూ కలిసి పెరుగుతాయి. చుట్లు మాత్రమే పెరిగి వేగం ఆగిపోయిందంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి జారుతోందన్నమాట. ట్రిమ్ కొంచెం లోపలికి తీసుకోవాలి. ముక్కు ఎగిరెగిరి పడుతున్నా అంతే. ట్రిమ్‌తో ముక్కు తగినంత లేవకపోతే బ్యాటరీల వంటి బరువులను వెనక్కి జరపవచ్చు, లేదా రెక్కలు వెనక్కి ఎక్కువగా వాలిన ప్రొపెల్లర్ వాడవచ్చు.

ట్రిమ్ ట్యాబ్‌లు (బోటు వెనుక అంచున కింద ఉండే కదిలే పలకలు) ముక్కును లేపుతాయని చాలామంది పొరబడతారు. పేరులో ట్రిమ్ ఉంది మరి! నిజానికి వాటిని దించితే లేచేది వెనుకభాగం. ముక్కు కిందికి దిగుతుంది.