టోటల్ లాస్ బండి చవగ్గా వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: మేం భార్యాభర్తలం, రిటైర్డ్ టీచర్లం. మాది తెనాలి. పాత ట్రావెలర్ వ్యాన్ కొని, లోపల మంచం, చిన్న వంటగట్టు పెట్టించుకుని దేశమంతా తిరగాలని మా కోరిక. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మధ్యవర్తి 2017 మోడల్ బండి చూపించాడు. యాక్సిడెంట్‌లో దెబ్బతింటే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద కట్టేశారట. ఇప్పుడు రిపేరు చేయించి రూ.2.80 లక్షలకు ఇస్తానంటున్నాడు. సీ బుక్ హైదరాబాద్ ఓనరు పేరు మీదే ఉంది. పేరు మార్పిడికి కావాల్సిన 29, 30 ఫారాలను ఆయన సంతకాలతో ఖాళీగా ఇస్తాడట. అడ్వాన్సు ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. ముందు ఈ బండి కథేమిటో తేలాలి.

రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగడతారు. ఓనరుకు డబ్బు ముడుతుంది, బండి తుక్కు వ్యాపారికి పోతుంది. ఇక రోడ్డుకు పనికిరాని బండి అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం ఓనరు 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీ (మీరన్న సీ బుక్) అప్పగించాలి. అలా రద్దయిన ఆర్‌సీతో ఎంత రిపేరు చేయించినా ఆ బండిని రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

రద్దు కాకుండా మిగిలిపోయిన ఆర్‌సీ అంటే నాకు ఇంకా భయం. తుక్కు బండిని దాని ఆర్‌సీ కోసమే కొనేవాళ్లున్నారు. అదే మోడల్, అదే రంగు బండిని ఎక్కడో దొంగిలించి, తుక్కు బండి నంబర్లు దానికి కొట్టి అమ్ముతారు. కాగితాలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, బండి మాత్రం దొంగసొత్తు. అందుకని మీరే టార్చి పట్టుకుని ఫ్రేమ్ మీది ఛాసిస్ నంబరు చూడండి. అంకెల మధ్య ఎడం తేడాగా ఉందా, చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా, ఆ జానెడు మేర మాత్రమే రంగు కొత్తగా ఉందా, పక్కన వెల్డింగ్ అతుకుందా చూడండి. ఇంజిన్ నంబరూ అంతే. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి నంబర్లు సరిచూపించండి. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఆర్‌సీ స్థితి, బాకీ చలాన్లు తెలుస్తాయి. దొంగతనం కేసుందేమో జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వారి వాహన్ సమన్వయ్‌లో చూసుకోవచ్చు. అయితే తుక్కు బండి నంబరు మీద దొంగతనం కేసు ఉండదు. కాబట్టి అక్కడ ఏమీ లేదని వచ్చినా ఛాసిస్ పరీక్ష మానొద్దు.

దొంగకు లేని హక్కు మీకు రాదు. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 చెప్పేది అదే. పోలీసులు బండి పట్టుకుపోతే డబ్బు కోసం మీరు మధ్యవర్తి వెంట పడాలి. పైగా దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా కొన్నారంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మీ మీదే కేసు పడొచ్చు. మరీ తక్కువ ధర, ఖాళీ ఫారాలు... ప్రాసిక్యూషన్ వాళ్లు ఎత్తి చూపేవి ఇవే.

ఖాళీ ఫారాల సంగతి. 29వ ఫారం అమ్మినవాడిది, 30వది కొన్నవాడిది. బండి తెలంగాణది కనుక అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ, 28వ ఫారం) కూడా కావాలి. పేరు మారకుండా బండి తిప్పి గుద్దుకుంటే మీ సొంత నష్టానికి బీమా రాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 కింద పాలసీ దానంతటదే మారేది థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టం) మేరకేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అటు హైదరాబాద్ ఓనరుకూ ముప్పే. రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో తీర్పు వచ్చింది. ఆయనతో నేరుగా మాట్లాడండి. తన బండి ఇంకా రోడ్డు మీద ఉందని ఆయనకు తెలియకపోనూవచ్చు.

మంచం, వంటగట్టు మాటకొస్తే, బాడీ షెడ్డుకు వెళ్లే ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్రం 2004 నోటిఫికేషన్‌లో నాన్-ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి కాని బండ్ల) జాబితాలో పెట్టింది, కాబట్టి మీ కోరిక చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే సమర్థించింది. ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పసుపు బోర్డు బండి అయితే పర్మిట్ సరెండర్, పన్ను తేడా కూడా ఉంటాయి.

చవగ్గానే కావాలంటే ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసి వేలం వేసే బండ్లు చూడండి. అవి ఎక్కువగా నడుస్తున్న బండ్లే. అక్కడా ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతుతోనే అమ్ముతారు. అందుకే పాట పాడకముందే మెకానిక్‌కు చూపించి, పన్ను బాకీ కనుక్కోండి. ఆర్‌సీ ఇవ్వని పాత ఓనరు ఉంటే, ఫైనాన్స్ వాళ్లు 36వ ఫారంతో తమ పేరున కొత్త ఆర్‌సీ తీసుకున్నాకే డబ్బు కట్టండి.

ఆటోనగర్ బండి మీదే మనసుంటే మధ్యవర్తిని రెండు అడగండి: ఇన్సూరెన్స్ కంపెనీ ఆ బండిని ఎవరికి అమ్మిందో చూపే కాగితం, ఓనరు ఫోన్ నంబరు. ‘అవన్నీ నా బాధ్యత’ అంటే లేచి వచ్చేయండి. ఇప్పటికే ఫోన్‌పేలో టోకెన్ పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్, మీ మధ్య నడిచిన వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి. డబ్బు వెనక్కి అడుగుతూ వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.