పెట్రోలు వైపు కూడా ఓ కన్నేసి ఉంచు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సీఎన్‌జీ కారు కొన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఇన్నేళ్లుగా గ్యాస్ బండ్లు నడుపుతూ, వాటి మరమ్మతు దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి, నీకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు పెట్రోలు సంగతి చెప్తాను. గ్యాస్ కారుకి పెట్రోలు గొడవేంటి అనుకోకు. చాలామంది పాడుచేసుకునేది ఆ వైపే. నేనూ ఒకప్పుడు ట్యాంకులో పెట్రోలు అడుగంటినా పట్టించుకోకుండా నెలల తరబడి గ్యాస్ మీదే తిప్పాను. ఒక రాత్రి మీ పెద్దమ్మతో వస్తుంటే దారిలో గ్యాస్ అయిపోయింది. స్విచ్ పెట్రోలుకి మార్చాను. బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. ఆ చీకట్లో మీ పెద్దమ్మ పడ్డ భయం నాకింకా గుర్తుంది. మర్నాడు విప్పి చూస్తే పెట్రోలు పంపు కాలిపోయి ఉంది. ఆ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. అది లేకపోతే పంపు వేడెక్కి పోతుంది. ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా వాడకుండా వదిలేస్తే లోపల మిగిలిన పెట్రోలు జిగురులా పట్టేస్తుంది.

అందుకే ట్యాంకు పావు వంతుకి తగ్గనివ్వకు. వారానికోసారి ఓ పదిహేను ఇరవై కిలోమీటర్లు పెట్రోలు మీద నడుపు. అలాగని ఒకేసారి నిండా కొట్టించి మర్చిపోవద్దు, నెలల తరబడి నిలవున్న పెట్రోలు కూడా చెడిపోతుంది.

ఇక గ్యాస్ వైపు. టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది కదా, నిండు సిలిండర్లో గ్యాస్ 200 బార్ల దాకా ఉంటుంది. ఆ ఒత్తిడిని ఇంజిన్ తట్టుకునేంతకు తగ్గించేది రెడ్యూసర్. అలా తగ్గేటప్పుడు గ్యాస్ విపరీతంగా చల్లబడుతుంది. రెడ్యూసర్ గడ్డకట్టకుండా చాలా బండ్లలో ఇంజిన్ని చల్లబరుస్తూ తాను వేడెక్కే ద్రవాన్నే, అంటే కూలెంట్‌నే, దాని గుండా తిప్పుతారు. పొద్దున బండి పెట్రోలు మీద మొదలై, కాస్త వేడెక్కాక గ్యాస్‌కి మారేది ఇందుకే. కూలెంట్ తగ్గితే ఇంజిన్‌తో పాటు ఇదీ ఇబ్బంది పడుతుంది. ఎప్పుడైనా రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టి కనిపిస్తే ముందు కూలెంట్ చూడు, ఇంజిన్ చల్లారాకే మూత తియ్యి.

గ్యాస్ ఫిల్టరుని మాత్రం అశ్రద్ధ చెయ్యకు. బంకులో గ్యాస్‌ని ఒత్తే కంప్రెసర్ నుంచి సన్నటి నూనె తుంపర గ్యాస్‌తో పాటు బండిలోకి వస్తుంది. అదంతా ఫిల్టర్లో పేరుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోయినా, గ్యాస్ మీదే కుదుపులు వచ్చి పెట్రోలు మీద బాగున్నా, నా అనుమానం ముందు ఫిల్టరు మీదకే పోతుంది. తర్వాత స్పార్క్ ప్లగ్గుల మీదకి. గ్యాస్‌ని అంటించడానికి ఇంకా బలమైన స్పార్క్ కావాలి, కాబట్టి అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద నెట్టుకొచ్చినా గ్యాస్ మీద దొరికిపోతుంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంచుకో.

వాసన వస్తే మాత్రం "ఇప్పుడే కొట్టించాం కదా, అందుకే" అని సర్దిచెప్పుకోవద్దు. ఇంజిన్ ఆపు, అందర్నీ దింపు, సిలిండర్ వాల్వు కట్టెయ్. ఆ వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో ఈ రోజే చూసుకో. కోడలికి కూడా చూపించు. మెకానిక్ లీకు వెతికేటప్పుడు పక్కనే ఉండి చూడు: సబ్బు నురగని బ్రష్‌తో ఒక్కో జాయింటుకి రాసి, ఊపిరి బిగబట్టి చూడాలి. ఆవగింజంత బుడగ ఒకటి లేచి, పగిలి, మళ్లీ అక్కడే లేస్తే అదే లీకు. అగ్గిపుల్లతో వెతికేవాళ్లని బండి దగ్గరికే రానివ్వకు. ఒత్తిడి ఉండగా జాయింట్లు బిగించడం కూడా ప్రమాదమే, ఆ పని తెలిసినవాడే చెయ్యాలి.

సిలిండర్ మీద పరీక్ష తేదీ చెక్కి గానీ, ప్లేటు మీద గానీ ఉంటుంది. దాన్నిబట్టి మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు దాటనివ్వకు. డిక్కీలో బరువైన సామాను దానికి తగలకుండా పెట్టు. పట్టీల కింద తుప్పు ఉందేమో అప్పుడప్పుడు టార్చి వేసి చూడు. బండికి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా సిలిండర్ని చూపించాకే మళ్లీ గ్యాస్ నింపించు. నింపేటప్పుడు పిల్లల్ని కూడా దింపాలి, నిద్రపోతున్నా సరే.

మొదటి సర్వీసుకి వెళ్లినప్పుడు పాత ఫిల్టరు అడిగి తీసుకుని, తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీసి నాకు పంపు. నూనె ఎంత పట్టిందో చూసి, తర్వాతిది ఎప్పుడు మార్పించాలో చెప్తాను.

మీ పెదనాన్న