అయోడిన్ నీలం రాకపోతే ముందు సెల్యులేజ్‌ను అనుమానించండి

వరిగడ్డి సెల్యులోజ్‌ను స్టార్చ్‌గా మార్చే ప్రాజెక్టులో గ్లూకోజ్ బాగానే వస్తోంది, అయోడిన్ వేస్తే మాత్రం స్టార్చ్ ఉందని చూపే నీలం రావట్లేదు అన్నారు కదా. బయట కొనే సెల్యులేజ్‌లో (సెల్యులోజ్‌ను తెంచే ఎంజైమ్) సాధారణంగా బీటా గ్లూకోసిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ కూడా కలిసి ఉంటుంది. సెల్యులోజ్ తెగితే వచ్చే జంట చక్కెర సెల్లోబయోజ్‌ను అది రెండు గ్లూకోజ్‌లుగా తెంచేస్తుంది. మీకు కావలసిందే ఆ సెల్లోబయోజ్! సెల్లోబయోజ్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఫాస్ఫేట్‌తో విడగొడితేనే గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ వస్తుంది, బంగాళాదుంప ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ స్టార్చ్ గొలుసు అల్లేది ఆ గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌తోనే.

2013లో వర్జీనియా టెక్‌లో పెర్సివల్ ఝాంగ్ బృందం ఇదే దారిలో వెళ్లింది. వాళ్లకీ గరిష్ఠంగా 30 శాతం సెల్యులోజే స్టార్చ్ అయింది. మిగిలిన గ్లూకోజ్‌ను ఈస్ట్‌తో ఇథనాల్ చేశారు. కాబట్టి కొంత గ్లూకోజ్ కనిపిస్తే టెన్షన్ వద్దు.

గడ్డి పక్కన పెట్టి, శుద్ధమైన సెల్లోబయోజ్‌లో మీ సెల్యులేజ్ ఒక్కటే వేసి చూడండి. గ్లూకోజ్ గబగబా పెరిగితే దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ ఎంజైమ్‌ను ఐసులో ఉంచి సెల్యులోజ్ పొడితో కలపండి. సెల్యులేజ్‌లు పొడికి అతుక్కుంటాయి, బీటా గ్లూకోసిడేజ్ చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ నీళ్లు తీసేసి పొడిని వాడుకోండి.

ఇంకోటి, మాల్టోడెక్స్‌ట్రిన్ కొంచెం వేశారా? మొదలుపెట్టడానికి అలాంటి చిన్న గ్లూకోజ్ గొలుసు లేకపోతే బంగాళాదుంప ఎంజైమ్ కదలదు. బఫర్ (pH నిలకడగా ఉంచే ద్రావణం) ఫాస్ఫేట్‌దైతే మార్చండి. ఫాస్ఫేట్ కొద్దిగా చాలు, ఎక్కువైతే అల్లిన గొలుసునే విప్పేస్తుంది.