డబ్బాలు పోయాయి, మూడో పేజీ వచ్చింది

ప్రశ్న: నేను కొరియన్ నేర్చుకుంటున్నాను. మా టీచర్ వర్డ్‌లో తయారుచేసిన పాఠాలు పంపుతారు. నా లైనక్స్ కంప్యూటర్‌లో వర్డ్ బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌తో తెరిస్తే మొదట్లో కొరియన్ అంతా డబ్బాలు డబ్బాలుగా కనిపించింది. నోటో ఫాంట్లు వేసుకున్నాక అక్షరాలొచ్చాయి. కానీ రెండు పేజీల పాఠం మూడో పేజీకి పాకుతోంది. పైన ఫాంట్ పేరు మార్చినా కొరియన్ అక్షరాలు మాత్రం మారవు. లిబ్రెఆఫీస్ తీసేసి మళ్లీ వేసుకోమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, ఆ శ్రమ పెట్టుకోకండి. మళ్లీ వేసుకున్నా ఇదే కనిపిస్తుంది.

ఒక కొరియన్ మాట మీద కర్సర్ పెట్టి పైన ఫాంట్ పేరుండే గడి చూడండి. పేరు వాలు అక్షరాల్లో ఉంటే ఆ ఫాంట్ మీ దగ్గర లేదన్నమాట. సాధారణంగా అది మాల్గన్ గోథిక్ అయి ఉంటుంది. అది విండోస్‌తో వచ్చే ఫాంట్. ఫైల్‌లో దాని పేరే ఉంటుంది, ఫాంట్ ఉండదు. అందుకే లిబ్రెఆఫీస్ ఉన్నవాటిలో ఒకటి తెచ్చి పెడుతుంది. మీకు దొరికింది గూగుల్, అడోబీ కలిసి 2014లో విడుదల చేసిన నోటో సాన్స్ సీజేకే (చైనీస్, జపనీస్, కొరియన్ అక్షరాల ఫాంట్). చక్కటి ఫాంటే, కానీ వరసకు పైనా కిందా చోటు ధారాళంగా తీసుకుంటుంది. మీ మూడో పేజీ అక్కడి నుంచే వచ్చింది.

ఇక ఫాంట్ మారకపోవడం. లిబ్రెఆఫీస్ ప్రతి అక్షరానికీ మూడు అరలు పెట్టుకుంటుంది: వెస్ట్రన్, ఏషియన్, కాంప్లెక్స్. మన తెలుగు మూడో అరలో, కొరియన్ రెండో అరలో ఉంటాయి. మొదటి అరలో ఎన్ని మార్చినా రెండోది కదలదు. పైగా లిబరేషన్ సెరిఫ్ లాంటిది ఎంచుకుంటే, అందులో కొరియన్ అక్షరాలే లేవు కాబట్టి అవి వేరే ఫాంట్ నుంచి అరువొస్తాయి. పేరొకరిది, ముఖం ఇంకొకరిది! టూల్స్, ఆప్షన్స్‌లో భాషల దగ్గర ఏషియన్ భాషలకు టిక్ పెట్టి, కొరియన్ ఎంచుకోండి. అప్పుడు ఫార్మాట్, క్యారెక్టర్‌లో ఏషియన్ ఫాంట్ విడిగా కనిపిస్తుంది.

ప్రతి పాఠానికీ ఈ పని ఎవరు చేస్తారు? నానుమ్ గోథిక్ అనే కొరియన్ ఫాంట్ వేసుకోండి. మీ లైనక్స్ డెబియన్ లేదా ఉబుంటు రకమైతే ఫాంట్స్-నానుమ్ అనే ప్యాకేజీలో ఉంటుంది. తర్వాత ఆప్షన్స్‌లోనే ఫాంట్స్ అనే చోట రీప్లేస్‌మెంట్ టేబుల్, అంటే ఏ ఫాంట్‌కు బదులు ఏది వాడాలో చెప్పే పట్టిక ఉంది. దానికి టిక్ పెట్టి, ఎడమవైపు ఆ వాలు పేరును కాపీ చేసి అతికించండి, కుడివైపు నానుమ్ గోథిక్ పెట్టండి. టీచర్ ఫైల్‌లో మాత్రం పాత పేరే ఉంటుంది, కాబట్టి మీరు తిరిగి పంపినా ఆవిడకు తేడా తెలియదు. ఫాంట్ వేశాక లిబ్రెఆఫీస్‌ను పూర్తిగా మూసి తెరవండి. నేనొకసారి అది మర్చిపోయి, ఒకదాని తర్వాత ఒకటి ఐదు ఫాంట్లు వేసుకుంటూ కూర్చున్నాను. మొదటిదే సరిపోయేది.

ఇంత చేసినా వరసలు అచ్చంగా కుదురుతాయని చెప్పలేను, కొలతలు వేరు కదా. ప్రింట్ తీసుకునే పాఠమైతే పీడీఎఫ్ పంపమనండి, అందులో ఫాంట్ కూడా కలిసి వస్తుంది. ఎప్పుడైనా హెచ్‌డబ్ల్యూపీ అని ముగిసే ఫైల్ వస్తే అది ఫాంట్ గొడవ కాదు. అది కొరియాలో బాగా వాడే హాన్‌కామ్ సాఫ్ట్‌వేర్ ఫైల్. దానికీ పీడీఎఫ్ అడగడమే సుఖం.