కన్ను సరిగ్గానే ఉంది, చూపు మాత్రం లేదు: పిల్లల కళ్ల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఏడు వారాలు. ఎదురుగా పెట్టుకుని ఎంత పలకరించినా నా కళ్లలోకి చూడడు, నా తల పైకో పక్కకో చూస్తుంటాడు. చప్పుడైతే మాత్రం కదులుతాడు. అసలు కనపడుతోందా లేదా అని ఒకటే టెన్షన్.

జవాబు: తల పైకి చూస్తున్నాడంటే బహుశా మీ నుదురూ జుట్టూ కలిసే గీతని చూస్తున్నాడమ్మా. మొదటి నెలల్లో పిల్లల కంటికి బాగా ఆనేది ముదురు రంగూ లేత రంగూ కలిసే అంచే. మొహంలో అలాంటి అంచు అన్నిటికన్నా స్పష్టంగా ఉండేది జుట్టు మొదలయ్యే చోట. రెండో నెల గడిచేకొద్దీ చూపు అక్కణ్నించి మీ కళ్ల మీదికి దిగుతుంది.

పుట్టినప్పుడు కంటిగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. ఆ ఎదుగుదల ఒక ఎత్తయితే, రెటీనా (కంటి లోపల వెనకవైపు వెలుగుని పట్టే పొర) నడిమధ్యన సన్నని వివరాలు చూసే చిన్న భాగం అప్పటికి ఇంకా తయారే కాదు. అందుకే మనం 400 అడుగుల దూరం నుంచి పోల్చుకోగల వస్తువుని అప్పుడే పుట్టిన బిడ్డ 20 అడుగుల్లోకి తెస్తే గానీ పోల్చుకోలేదు. 20-30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తెలుస్తాయి, అంటే పాలు తాగేటప్పుడు మీ మొహం ఉండే దూరం అన్నమాట. రంగుల తేడాలు రెండు నెలల నుంచి మొదలై నాలుగో నెలకి చాలావరకు తెలుస్తాయి. రెండు కళ్లూ కలిసి లోతుని పట్టుకోవడం మూడు నుంచి ఐదు నెలల మధ్య వస్తుంది.

మాటలు రాని బిడ్డకి ఏం కనపడుతోందో ఎలా చెప్తారని కొందరు అడుగుతుంటారు. 1950ల చివర్లో రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసిపిల్లల ముందు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, దేని వంక ఎక్కువసేపు చూస్తున్నారో గమనించాడు. సాదా బూడిద రంగు కంటే చారలున్న బొమ్మనే పిల్లలు ఎక్కువగా చూస్తారు. చారల్ని సన్నం చేసుకుంటూ పోతే ఒకచోట బిడ్డకి రెంటికీ తేడా తెలియకుండా పోతుంది, చూపు హద్దు అక్కడే. ఈ పద్ధతితో చేసిన కార్డులే ఇప్పటికీ పిల్లల కంటి క్లినిక్కుల్లో వాడుతున్నాం.

ఇంకొన్ని వారాలు చూడండి. మూడు నెలలు నిండినా కదులుతున్న మొహం వెంట కళ్లు తిప్పకపోతే తీసుకెళ్లండి. కళ్లు ఆగకుండా అటూఇటూ ఊగుతున్నా, పిడికిళ్లతో కళ్లని అదేపనిగా నొక్కుకుంటున్నా, వెలుతురు పడితే ఏ మార్పూ లేకపోయినా మాత్రం అంతవరకూ కూడా ఆగొద్దు. కొందరు పిల్లలకి చూపు కాస్త ఆలస్యంగా నిలిచి తర్వాత దానంతటదే సర్దుకుంటుంది, నిజమే. కానీ ఆ మాట పరీక్ష చేశాక డాక్టరు చెప్పాలి, ఇంట్లో మనం అనుకోకూడదు.

ప్రశ్న: మా పాపకి ఐదో నెల దాటింది. ఎడమ కన్ను అప్పుడప్పుడు ముక్కు వైపు పోతున్నట్టు ఉంటోంది. పెద్దయితే అదే పోతుంది, కంగారు పడొద్దని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: మూడు నెలల్లోపు కళ్లు ఒక్కోసారి చెదరడం మామూలే. నాలుగు దాటాక చెదరకూడదు. మీ అత్తగారి మాట కూడా కొట్టిపారేయక్కర్లేదు, ఎందుకంటే ముక్కు దూలం ఇంకా చదునుగా ఉండి, కంటి లోపలి మూల మీద చర్మం మడత పడిన పిల్లల్లో ఆ వైపు తెల్లగుడ్డు దాగిపోతుంది కాబట్టి మెల్ల లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. మొహం ఎదిగేకొద్దీ అది పోతుంది. అయితే అలా పోయేది లేని మెల్ల మాత్రమే, ఉన్న మెల్ల పోదు.

పాప నేరుగా కెమెరా వంక చూస్తుండగా ఫ్లాష్‌తో ఫోటో తీసి, రెండు కంటిపాపల్లోనూ వెలుగు చుక్క ఒకేచోట పడిందేమో చూడండి. ఒక కంట్లో మధ్యన, రెండో కంట్లో పక్కకి పడితే మెల్లేనని అనుమానించాలి. ఒకేచోట పడినా ఒకసారి చూపించడం మానొద్దు, అప్పుడప్పుడు వచ్చిపోయే మెల్ల సరిగ్గా ఫోటో తీసే క్షణంలోనే రావాలని ఏమీ లేదు.

ప్రశ్న: బాబుకి ఆరేళ్లు. స్కూల్లో కళ్లు పరీక్ష చేస్తే కుడి కన్ను బాగా బలహీనంగా ఉందని తేలింది, లేజీ ఐ అన్నారు. అద్దాలు రాసి, కొన్ని నెలలయ్యాక ఇప్పుడు రోజూ రెండు గంటలు బాగున్న కంటికి ప్యాచ్ వేయమంటున్నారు. ఇన్నాళ్లూ వాడు ఏనాడూ కనపడట్లేదని అనలేదు, చదువుతాడు, బంతి పట్టుకుంటాడు. బాగున్న కన్ను మూస్తే అది కూడా పాడవదా? ప్యాచ్ వేస్తే చాలు ఏడుపు.

జవాబు: అనలేదంటే వాడికి తెలియకనే. ఎడమ కన్ను అన్నీ చూసిపెడుతుంటే కుడి కన్ను చూడట్లేదని వాడికెలా తెలుస్తుంది? ఒక కంటికే సైట్ ఎక్కువున్న పిల్లల విషయంలో ఇదే ఇబ్బంది. మెల్ల అయితే పక్కింటివాళ్లయినా పట్టేస్తారు, ఇది మాత్రం రెండు కళ్లనీ విడివిడిగా పరీక్షిస్తే తప్ప బయటపడదు. మీవాడు స్కూల్లోనైనా దొరికాడు.

చూడటం నేర్చుకునేది మెదడు. ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, రెండో కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే మెదడు స్పష్టంగా ఉన్నదాన్ని తీసుకుని రెండోదాన్ని పక్కన పడేస్తుంది. లేజీ ఐ అంటే ఇదే. 1960ల్లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకి ఒక కంటి రెప్పలు కుట్టేసి కొన్ని వారాల తర్వాత విప్పారు. కన్ను నిక్షేపంలా ఉంది, కానీ మెదడులో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లుల్లో అదే పని చేస్తే అలాంటి నష్టం కనిపించలేదు. చదవడానికి బాధగా ఉండే ప్రయోగమే, కానీ చూపు కుదురుకోవడానికి ఒక వయసుందని గట్టిగా తేల్చింది ఇదే. వాళ్లిద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది.

మీవాడి విషయానికొస్తే, మొదట అద్దాలు. కొందరిలో కొన్ని నెలలు అద్దాలు పెట్టుకుంటేనే చాలావరకు కోలుకుంటుంది, మిగిలిన లోటుకే ప్యాచ్. ప్యాచ్ వేసినంతసేపు మెదడుకి కుడి కన్ను తప్ప వేరే దారి ఉండదు. ఏడుస్తున్నాడంటే ఆ కంటితో సరిగ్గా కనపడట్లేదని అర్థం, మొండితనం అనుకుని కోప్పడకండి. ఓ మోస్తరు బలహీనతకి రోజుకి రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా ఫలితం ఇంచుమించు ఒకటేనని 2003లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది, కాబట్టి త్వరగా తగ్గాలని మీ అంతట మీరు గంటలు పెంచొద్దు. ప్యాచ్‌ని అద్దం మీద కాకుండా చర్మానికే అంటించండి, అద్దం మీద అంటిస్తే పిల్లలు పక్క సందులోంచి చూసేస్తారు. వేసుకున్నప్పుడు బొమ్మలకి రంగులెయ్యడం, చిన్న వస్తువులు ఏరడం లాంటి వాడికిష్టమైన పని చేతికివ్వండి.

ఏం చేసినా ఉంచుకోకపోతే బాగున్న కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దగ్గరి చూపుని మసక చేసే పద్ధతి ఉంది, చాలామందిలో ప్యాచ్ అంత బాగానూ పనిచేస్తుంది. మీ డాక్టర్ని అడగండి. బాగున్న కన్ను పాడవుతుందేమోనన్న మీ భయం ఉత్తదేం కాదు, మూత మరీ ఎక్కువైతే దాని చూపూ కాస్త తగ్గొచ్చు. చెప్పిన తేదీకి రమ్మనేది అందుకే. ఆరేళ్లు ఆలస్యం కాదు, ఏడు దాటాక మొదలుపెట్టిన వాళ్లలోనూ మెరుగు కనిపిస్తోంది, కాకపోతే చిన్న వయసులో అయినంత సులువుగా అవ్వదు. చూపు వచ్చింది కదా అని ప్యాచ్ ఆపేసి వెళ్లిపోకండి, ఆపిన ఏడాదిలోపు దాదాపు నాలుగోవంతు పిల్లల్లో మళ్లీ తగ్గుతుంది.

ప్రశ్న: ఏడాదిన్నర పాప. ఫోటోల్లో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడుతోంది. ఫోన్ లోపమా?

జవాబు: ఫోన్ సంగతి తర్వాత, రేపే కంటి డాక్టరుకి చూపించండి. కెమెరా కోణం వల్ల కూడా అలా పడొచ్చు. కానీ శుక్లం వల్ల కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల కూడా కావచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకే ఎక్కువగా వచ్చే జబ్బది, తొందరగా దొరికితే ప్రాణం, చాలాసార్లు కన్ను కూడా దక్కుతాయి. ఫోటోలు చెరిపేయకండి, డాక్టరుకి పనికొస్తాయి.

ప్రశ్న: నాలుగు నెలల బాబు, ఒక కంటి నుంచి ఎప్పుడూ నీళ్లు, పొద్దున్నే ఊసులు. చూపు దెబ్బతింటుందా?

జవాబు: కన్నీళ్లు ముక్కులోకి దిగే గొట్టం ఇంకా తెరుచుకుని ఉండదు. కంటి మూల దగ్గర నుంచి ముక్కు పక్కగా కిందికి నొక్కుతూ మసాజ్ ఎలా చేయాలో చూపిస్తారు. ఏడాది తిరిగేలోపు పదిమందిలో తొమ్మిది మందికి అదే తెరుచుకుంటుంది. నీళ్లతోపాటు వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగానో మబ్బుగానో కనపడుతున్నా అది వేరే కథ. కంటి లోపల ఒత్తిడి పెరిగే గ్లాకోమా కావచ్చు, మసాజ్ చేస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న: కంటి వ్యాయామాలు చేయిస్తే పిల్లల అద్దాలు పోతాయా?

జవాబు: పోవు. రోజూ ఓ రెండు గంటలు ఆరుబయట ఆడుకోనివ్వండి, దూరం కనపడని సైట్ రాకుండా ఉండటానికి అది కొంత సాయం చేస్తుంది.

ప్రశ్న: మా కవలలు 30 వారాలకే పుట్టారు. బరువు పెరిగి ఇంటికొచ్చారు, కళ్లు చక్కగా తెరిచి చూస్తున్నారు. నాలుగో వారంలో కంటి పరీక్ష అని రాశారు. ఇంత పసివాళ్లని మళ్లీ తిప్పాలా, ఓ నెల ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు. రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకునేది కడుపులో తొమ్మిది నెలలు నిండేసరికి. ముందే పుట్టిన పిల్లల్లో అవి మధ్యలో ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాని లాగేయొచ్చు. ఇది పైకి ఏమాత్రం కనపడదు, కళ్లు చక్కగా తెరిచి చూస్తున్న బిడ్డలోనూ జరుగుతూ ఉండొచ్చు. లేజర్‌కో ఇంజెక్షన్‌కో లొంగే గడువు కొన్నిసార్లు రోజుల్లోనే ఉంటుంది. మొదటిసారి బాగుందన్నా అంతటితో అయిపోదు, నాళాలు పూర్తిగా అల్లుకున్నాయని చెప్పేదాకా ఒకటి రెండు వారాలకోసారి రమ్మంటారు. ఇద్దరినీ చూపించండి, ఒకరికి బాగుంటే రెండోవాళ్లకీ బాగున్నట్టు కాదు.