చుక్కల మందు వేస్తున్నా చూపు మసకే... మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. రోజంతా కంప్యూటర్ ముందే పని. కళ్లలో ఇసుక పడినట్లు గరగర, సాయంత్రానికి అక్షరాలు మసకబారతాయి. కళ్లు పొడిబారాయని డాక్టర్ సైక్లోస్పోరిన్ చుక్కలు రాశారు. మూడు వారాలైనా గుణం లేదు, పైగా వేయగానే మంట. ఇవి మానేసి కళ్లద్దాలు మార్పించుకోమంటారా?

జవాబు: మందు మానకండి. అద్దాల తొందరా వద్దు. మసకగా ఉన్నప్పుడు రెండు మూడు సార్లు రెప్పలార్చి చూడండి. అక్షరాలు తేటపడి, కొన్ని క్షణాల్లోనే మళ్లీ చెదిరిపోతుంటే ఆ మసకకు కారణం చాలావరకు కన్నీటి పొరే. కంటిలోకి వచ్చే వెలుగు మొదట దాటేది ఆ పొరనే. అది నిలకడగా లేనప్పుడు పరీక్ష చేయిస్తే పవర్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఆ లెక్కతో చేయించిన అద్దాలు కొద్ది రోజులకే నప్పకుండా పోవచ్చు.

సైక్లోస్పోరిన్ కంటిని తడిపే మందు కాదు. పొడిబారిన కంటి పైపొరలోనూ కన్నీటి గ్రంథుల్లోనూ ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటుంది. దానివల్ల కన్నీళ్లు తగ్గుతాయి, కన్నీళ్లు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. ఈ మందు ఆ చక్రాన్ని ఆపుతుంది, కానీ నిదానంగా. ఫలితం తెలియడానికి సాధారణంగా 3 నెలలు, కొందరికి 6 నెలల వరకు పడుతుంది. మంట చాలామందికి ఉండేదే, వాడేకొద్దీ తగ్గుతుంది. భరించలేనంతగా ఉంటే మీ డాక్టర్‌కు చెప్పండి. మొదటి కొన్ని వారాలకు తేలికపాటి స్టిరాయిడ్ చుక్కలు కలిపి ఇస్తుంటారు. వాటిని మాత్రం సొంతంగా కొని వాడవద్దు, కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు. ఎరుపు తగ్గించే చుక్కల జోలికీ పోవద్దు.

మందు పనిచేసేలోపు ఉపశమనానికి కంటిని తడిపే లూబ్రికెంట్ చుక్కలు వాడండి. రోజుకు నాలుగు సార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి తీసుకోండి. రెండు మందుల మధ్య 15 నిమిషాలు ఆగండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేశాకే చుక్కలు వేయాలి.

చాలామందిలో అసలు చిక్కు రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోవడం. కన్నీళ్లు ఊరినా నిలవవు, ఆరిపోతాయి. అలాంటప్పుడు సైక్లోస్పోరిన్ ఒక్కటే చాలదు. రోజూ 5 నుంచి 10 నిమిషాలు గోరువెచ్చని కాపడం పెట్టి రెప్పలను మృదువుగా మర్దన చేయాలి. మీ రెప్పలు చూసి చెప్పమని డాక్టర్‌ను అడగండి. స్క్రీన్ చూస్తున్నంతసేపూ మనం రెప్పలార్చడం బాగా తగ్గిపోతుంది, కాబట్టి గుర్తుపెట్టుకుని పూర్తిగా ఆర్చాలి. అలర్జీకి, మానసిక కుంగుబాటుకు మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, వాటివల్లా కళ్లు పొడిబారవచ్చు. నోరు ఎండిపోవడం, కీళ్ల నొప్పులు కూడా ఉంటే రక్తపరీక్షలు అవసరమవుతాయి.

ఒకటి మాత్రం ఏ చుక్కలతోనూ పోదు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు కనిపించకపోవడం వయసుతో వచ్చేది, దానికి అద్దాలే మార్గం. కన్నీటి పొర కుదుటపడ్డాక ఆ పరీక్ష చేయించుకోండి. ఈలోగా తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు హఠాత్తుగా తగ్గడం, పుసులు కారడం కనిపిస్తే మాత్రం అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి.