సమబాహు త్రిభుజం సమద్విబాహు కూడా అవుతుందా?

ప్రశ్న: మూడు భుజాలూ సమానంగా ఉన్న త్రిభుజాన్ని సమద్విబాహు త్రిభుజం అని కూడా అనొచ్చా అని మా పాప అడిగింది, నాకు తోచలేదు. ఇంకోటి, భుజాల కొలతలు మాత్రమే ఇచ్చి అది లంబకోణమా, అధికకోణమా చెప్పమంటే కోణమానిని లేకుండా ఎలా?

జవాబు: అనొచ్చండి. ఇప్పుడు ఎక్కువగా వాడే నిర్వచనం ప్రకారం కనీసం రెండు భుజాలు సమానమైతే చాలు, మూడోది కూడా సమానమైతే పోయేదేం లేదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ మాత్రం రెండే సమానంగా ఉండాలన్నాడు, కొన్ని పుస్తకాలు ఇప్పటికీ అదే దారిలో ఉన్నాయి కాబట్టి పరీక్షకు ముందు పాప పుస్తకంలో ఏముందో ఒకసారి చూడండి. నా ఓటు ‘కనీసం రెండు’కే, ఎందుకంటే సమద్విబాహు త్రిభుజానికి రుజువు చేసిన ప్రతి ధర్మమూ సమబాహు త్రిభుజానికి మళ్లీ రుజువు చేసే పని లేకుండా వచ్చేస్తుంది. ఏ రెండూ సమానం కాకపోతే విషమబాహు, అంతే.

ఇక రెండోది. పెద్ద భుజం వర్గాన్ని మిగతా రెండిటి వర్గాల మొత్తంతో పోల్చండి. సమానమైతే లంబకోణ త్రిభుజం (3, 4, 5 తీసుకుంటే 9+16=25), తక్కువైతే అల్పకోణ (మూడు కోణాలూ 90 డిగ్రీల లోపే), ఎక్కువైతే అధికకోణ (ఒక కోణం 90 డిగ్రీలు దాటుతుంది). 2, 3, 4 అయితే 4+9=13, పెద్ద భుజం వర్గమేమో 16, కాబట్టి అధికకోణ త్రిభుజం. అయితే ముందు ఒకటి చూసుకోవాలి, చిన్న భుజాలు రెండూ కలిపితే పెద్దదాన్ని మించాలి. 2, 3, 6 ఇస్తే అసలు త్రిభుజమే రాదు, ఈ లెక్క మాత్రం హాయిగా అధికకోణం అని చెప్పేస్తుంది!

ఒకే త్రిభుజానికి భుజాల పేరు, కోణాల పేరు రెండూ పెట్టొచ్చు. లంబకోణ సమద్విబాహు ఉంటుంది (45, 45, 90 డిగ్రీలు), లంబకోణ సమబాహు ఉండదు, అందులో ప్రతి కోణమూ 60 డిగ్రీలే కదా.